కడపటి సంపుటం

"కథ కంచికి, మనం ఇంటికి" అని మన పెద్దలు కథకు మంగళం పాడేవారు. చిన్ననాడు పుంగనూరులో మా అవ్వ నోట ఈ మాట వినబడగానే నాకు దిగులు పట్టుకొనేది. కంచి మాకు మరీ దూరం కాదు. చిత్తూరు, వేలూరు దాటిపోతే కంచి. అంత దగ్గరి ఊరికి పోయిన కథ మళ్ళీ తిరిగి రాదేమని అవ్వను అడిగేవాణ్ణి. "కథ పోతే పోనీరా, నీకు అబ్బింది నీతోనే ఇంటికి వస్తుంది గదా" అనేది ఆమె. ఆ మాటకు అర్థం బోధపడడానికి నాకు దాదాపు నలభై ఏండ్లు పట్టినది. బోధపరచినవి రెండు. ఒకటి ఆంగ్లంలో వెలువడిన పిల్లల గ్రంథం, రెండవది ఆ గ్రంథం చేతబట్టిన ఒక విద్యార్థిని.

2007 జులై 21వ తేదీన జె. కె. రౌలింగ్ రచించిన హారీ పోటర్ కథామాలలో ఏడవది, కడపటిది అయిన 'డెత్లీ హాలోస్' ప్రపంచమంతటా ఒక్కసారిగా విడుదల అయినది. ఈ మాలలో మొదటి సంపుటం 1997 జూన్ 26న వెలువడినప్పుడు తొలి ముద్రణలో గట్టి అట్ట ప్రతులు 500 మాత్రమే అచ్చువేశారు. పది సంవత్సరాల అనంతరం, ఏడవ సంపుటం ఇంగ్లండు, అమెరికా దేశాలలో తొలి 24 గంటలలోనే కోటికి పైగా ప్రతులు అమ్ముడుపోయినది. పదకొండవ ఏట మొదటి సంపుటం చదివిన పిల్లవాడు ఏడవది చేతికందేనాటికి ఇరవై ఒక్క ఏండ్ల యువకుడు. కథానాయకుడు ఒక్కొక్క సంపుటానికి ఒక్కొక్క యేడు పెరిగినట్లే పాఠకుడూ పెరిగినాడు. బాలసాహిత్య చరిత్రలో ఇట్టి సంఘటన అరుదు.

ఆ రోజులలో నాకు ఈ సంగతులేవీ తెలియవు. తెలుసుకోవాలన్న కోరికా లేదు. మదనపల్లెలో ఒక కళాశాలలో తెలుగు బోధిస్తున్నాను. గ్రంథం విడుదలైన నెలకు కాబోలు, ఒక శుక్రవారం మధ్యాహ్నం తిక్కన పద్యం ఒకటి వివరిస్తూ ఉండగా, వెనుక బల్ల మీద ఒక అమ్మాయి తల వంచుకొని కూర్చుండడం నా కంటబడినది. ఆమె పుంగనూరు నుంచి దినమూ బస్సులో వచ్చి చదువుకొనే పిల్ల. సమీపించి చూస్తే ఒడిలో ఇటుకరాయివంటి ఆంగ్ల గ్రంథం, దానిమీద చిన్న నిఘంటువు. తరగతి అంతా వినేటట్లు, "తిక్కనగారు రుచించని వారికి తెల్లదొరల గారడీ రుచిస్తుంది కాబోలు" అన్నాను. పిల్లలు నవ్వినారు. పుస్తకం తీసుకొన్నాను.

సాయంత్రం ఆ అమ్మాయి అధ్యాపకుల గది వాకిట నిలుచున్నది. "సార్, ఆ పుస్తకం మా పెద్దమ్మ కూతురుది. బెంగుళూరి నుంచి తెచ్చింది. ఆదివారం మళ్ళా ఎలబారిపోతుంది సార్. ఇంకా నూరు పేజీలు ఉండాయి" అన్నది. సోమవారం వచ్చి తీసుకొనిపొమ్మన్నాను. సోమవారం తీసుకొనిపోయినది. ఆ వెనుక ఆమె నా తరగతిలో మరి తల వంచలేదు, ఒక్క ప్రశ్న అయినా అడగలేదు. తరగతి చక్కబడినదని నేను సంతోషించాను.

2018లో ద్రావిడ విశ్వవిద్యాలయంలో జరిగిన ఒక సభకై కుప్పం వెళ్ళాను. మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా ఆ బస్సు పోతుంది. పోను పోను ప్రయాణికుల మాటలలో తెలుగుతో కన్నడం, అరవం కలుస్తాయి. మూడు భాషలు ముడిపడిన ఆ ఊరిలో, 1997లో స్థాపితమైన విశ్వవిద్యాలయ ప్రాంగణంలో, ఒక యువతి వచ్చి నమస్కరించినది. పుంగనూరు బస్సులో వచ్చే ఆ పిల్లయే! ఇప్పుడు కుప్పం దాపున ఒక పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయిని. కుశల ప్రశ్నలు అయిన పిమ్మట నేనే పాత సంగతి ఎత్తినాను. ఆమె నవ్వి, "ఆ కడపటి నూరు పేజీలు నేను చదివింది నాలుగేండ్లు పోయినాక సార్. అప్పటికి ఎవరు చస్తారో, ఎవరు బతుకుతారో అందరూ చెప్పేసినారు" అన్నది. ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉండి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

ఆపై ఆమె మరొక మాట చెప్పినది. "మా పిల్లోళ్ళకు ఆ కథ తెలుగులోనే చెప్తా సార్. బాలనాగమ్మ కథ ముందు చెప్పి, ఆమీద ఇది చెప్తా. అప్పుడు బాగా పట్టుకుంటారు."

బాలనాగమ్మకూ ఈ ఆంగ్ల కథకూ సంబంధమేమి? ఆ ప్రశ్న నన్ను ఊరక ఉండనీయలేదు. ఆ వేసవి సెలవులలో ఏడు సంపుటాలూ తెప్పించి వరుసగా చదివినాను. ఏడవ సంపుటం ఇంగ్లండు ముద్రణలో 607 పుటలు. చదివిన పిమ్మట నేను ఆ అమ్మాయి వద్ద నుంచి ఏమి తీసుకొన్నానో అర్థమైనది.

బాలనాగమ్మ కథ ఎరుగని తెలుగు ఇల్లు లేదు. బుర్రకథగా ఊరూరా తిరిగినది. 1942లో జెమిని వారి చిత్రంగా తెరకెక్కినది. మాయల ఫకీరు బాలనాగమ్మను చెరపట్టినాడు. వానిని కత్తితో నరికితే చావడు. వాని ప్రాణం వానిలో లేదు. ఏడు సముద్రాల ఆవల, ఒక చిలుకలో ఉన్నది. బాలనాగమ్మ కుమారుడు బాలవర్ధిరాజు ఆ చిలుకను సాధించి తెచ్చి, దానిని చంపి ఫకీరును చంపుతాడు. ప్రాణాన్ని దేహం వెలుపల దాచుకొన్న మాంత్రికుని కథ ఒక్క తెలుగువారిదే కాదు, అనేక దేశాల జానపద కథలలో ఉన్నది.

రౌలింగ్ కథలో మాంత్రికుడు వోల్డెమార్ట్. అతడు చావుకు వెరచి తన ఆత్మను ముక్కలు చేసి ఉంగరం, పతకం, పాత్ర మొదలైన వస్తువులలో దాచుకొన్నాడు. ముక్క చేసినప్పుడల్లా ఒక హత్య చేయవలెను. ఆ వస్తువులను వెదకి నాశనం చేయడమే ఏడవ సంపుటంలో హారీకి, అతని స్నేహితులు రాన్, హెర్మయనీలకు పడిన పని. మన బాలవర్ధిరాజుకు ఒక్క చిలుక, వీరికి అనేకం. ఇంతవరకు తెలుగు పిల్లవానికి వింత ఏమీ లేదు. ఫకీరు చిలుకను ఎరిగినవాడు ఈ రహస్యాన్ని మొదటి మాటలోనే గ్రహిస్తాడు. ఆ ఉపాధ్యాయిని ఉపాయం ఎంత సరియైనదో చూడండి.

అయితే రచయిత్రి ఒక్క అడుగు ముందుకు వేసినది. ఆఖరి ఘట్టంలో హారీకి తెలుస్తుంది: ఆత్మ ముక్కలలో ఒకటి తనలోనే ఉన్నదని. తాను శిశువుగా ఉన్ననాడు తల్లి ప్రాణమిచ్చి తనను కాపాడిన రాత్రి, మాంత్రికుని ఎరుకలేకయే ఆ ముక్క తనలో చేరినదని. అనగా ఏడు సముద్రాలు గాలించి వచ్చిన వీరునికి చిలుక తన గుండెలోనే కనబడినది. శత్రువును చంపవలెనంటే ముందు తాను చావడానికి ఒప్పుకోవలెను. హారీ ఎవరికీ చెప్పకుండా, ఆయుధం ఎత్తకుండా, ఒంటరిగా అడవిలోకి నడచిపోతాడు. మంత్రతంత్రాలతో నిండిన వేలాది పుటల కథలో అత్యున్నతమైన ఘట్టంలో కథానాయకుడు చేసేది నడవడం మాత్రమే.

అడవిలో మాంత్రికుని శాపం హారీలోని ఆ ముక్కనే నాశనం చేస్తుంది. హారీ తిరిగి లేస్తాడు. తుది పోరులో అతడు శత్రువును చంపే మంత్రం ప్రయోగించడు. ఎదుటివాని చేతిలోని ఆయుధాన్ని జారవిడిపించే చిన్న మంత్రమే వాడతాడు. దానికి ముందు, పశ్చాత్తాపపడమని శత్రువుకు ఒక అవకాశం ఇస్తాడు. నిరాయుధుడైన రావణుని ఆనాటికి పొమ్మని విడిచిపెట్టిన రాముడు మన పిల్లలకు ఇక్కడ జ్ఞప్తికి రాక తప్పదు. రావణుడు మారలేదు. వోల్డెమార్టూ మారలేదు. అతని శాపం అతనికే తిరిగి తగులుతుంది.

గ్రంథనామానికి మూలమైన ఉపకథ ఒకటి ఈ సంపుటంలో ఉన్నది. ముగ్గురు అన్నదమ్ములు మృత్యువును మోసగించి నది దాటినారు. మృత్యువు మెచ్చుకొన్నట్లు నటించి వరాలు కోరుకొమ్మన్నది. పెద్దవాడు ఓటమి ఎరుగని మంత్రదండం కోరినాడు. దానికై ఎవడో నిద్రలో అతని గొంతు కోసినాడు. నడిమివాడు చనిపోయినవారిని రప్పించే రాయి కోరినాడు. వచ్చిన ప్రియురాలు ఈ లోకానికి చెందక, చల్లగా, దూరంగా నిలిచినది. అతడూ నిలువలేదు. చిన్నవాడు మృత్యువు తనను వెంబడించకుండా పోగల సాధనం మాత్రమే కోరి, కనబడకుండా చేసే వస్త్రం పొందినాడు. ముసలితనంలో ఆ వస్త్రాన్ని కుమారునికిచ్చి, మృత్యువును పాత మిత్రునివలె పలుకరించి వెంట వెళ్ళినాడు. యముని ఎదుట కూర్చుండి ప్రశ్నలడిగిన నచికేతుణ్ణి ఎరిగిన మనకు ఈ మూడవవాడు పరాయివాడు కాడు.

ఈ మూడు వస్తువులూ కథ చివర హారీ వశమవుతాయి. అతడు రాయిని అడవిలోనే జారవిడిచినాడు. మహామంత్రదండంతో విరిగిన తన పాత దండాన్ని బాగుచేసుకొని, మహాదండాన్ని దాని పూర్వపు యజమాని సమాధికే తిరిగి చేర్చ నిశ్చయించినాడు. తండ్రి నుంచి వచ్చిన వస్త్రాన్ని మాత్రం ఉంచుకొన్నాడు. సాధించిన శక్తిని విడిచిపెట్టగలవాడే దానికి అర్హుడన్న మాట రచయిత్రి ఉపన్యాసంగా చెప్పక, చేతలలో చూపినది.

నేను తిక్కనను అడ్డుపెట్టుకొని ఆ పిల్లను పరిహసించాను గదా! ఇప్పుడు ఆ తిక్కనయే నన్ను నిలదీస్తున్నాడు. మన భారతం కూడా ఒక మహా కథామాల. నన్నయ రెండున్నర పర్వాల వద్ద నిలిచిపోయినాడు. తిక్కన విరాటపర్వం మొదలుకొని స్వర్గారోహణం వరకు పదునైదు పర్వాలు వ్రాసి కథను కడముట్టించాడు. మిగిలిన అరణ్యపర్వ శేషాన్ని ఎఱ్ఱన పూరించాడు. పదకొండవ శతాబ్దిలో మొదలైన గ్రంథం పదునాల్గవ శతాబ్దికి గాని సంపూర్ణం కాలేదు. కాని తెలుగువారు నడుమ కొరత ఉన్నా ఓర్చుకొన్నారే గాని, ముగింపు లేకుండా లేరు. ఆ ముగింపులో ధర్మరాజు ఏమి చేశాడు? గెలిచిన రాజ్యాన్ని మనుమనికి అప్పగించి ఉత్తరాభిముఖంగా నడచినాడు. వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి రానన్నాడు. కురుక్షేత్రంలోని పరాక్రమం కన్న ఆ ఒక్క మాటలోనే ధర్మరాజు ధర్మరాజైనాడు. పదునారు పర్వాలు చదివి కడపటి రెండూ చేతికందని పాఠకునికి యుద్ధం తెలుస్తుంది, ధర్మం తెలియదు.

రౌలింగ్‌ను వ్యాసునితో, తిక్కనతో సరితూచడం నా ఉద్దేశం కాదు. ఏడవ సంపుటంలో దోషాలు ఉన్నవి. నడుమ ముగ్గురు మిత్రులు డేరా వేసుకొని అడవులు తిరిగే భాగం సాగదీసినట్లు ఉంటుంది. మహాదండం ఎవరి వశమైనదన్న లెక్క చిక్కుముడివలె పడి, చదువరి వెనుకకు తిప్పి చూడవలసి వస్తుంది. పందొమ్మిది సంవత్సరాల తరువాత అన్న చివరి ప్రకరణంలో అందరికీ పెండ్లిండ్లు అయి, పిల్లలను బడికి పంపుతూ రైలుస్టేషనులో నిలవడం చాలమందికి రుచించలేదు. అంతటి గాయాలు అంత చక్కగా మానుతాయా అని వారి ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్నయే.

అయినను ఒక్క ఘట్టం ఆ దోషాలన్నిటినీ మరపిస్తుంది. డాబీ అనే ఒక చిన్న సేవకుడు, ఒకనాడు బానిసగా ఉండి విముక్తి పొందినవాడు, హారీని కాపాడబోయి మరణిస్తాడు. మంత్రంతో క్షణంలో గొయ్యి తీయగలిగి ఉండి కూడా హారీ పార పట్టుకొని చెమటోడ్చి తన చేతులతో త్రవ్వుతాడు. దుఃఖానికి అడ్డదారి లేదని పదునాలుగేండ్ల పిల్లవానికి ఇంతకన్న చక్కగా ఏ పాఠ్యగ్రంథం చెప్పగలదు?

ఇక భాష మాట. మొదటి సంపుటం 'హారీ పోటర్ పరుసవేది' అన్న పేరుతో తెలుగులో వెలువడినది. ఆ పేరు చూడగానే నా మనస్సు పొంగినది. ఇనుమును బంగారం చేసే రాయికి మనకు తాతలనాటి మాట సిద్ధంగా ఉన్నది. అనువాదకులు దానిని గుర్తించి వాడుకొన్నారు. హిందీలో ఏడు సంపుటాలూ వచ్చినవి. ఏడవదానికి హిందీవారు 'మృత్యువు కానుకలు' అన్న అర్థం వచ్చే పేరు పెట్టినారు. ఆ ఏడవ సంపుటం తెలుగులో ఇంతవరకు నా కంటబడలేదు.

మదనపల్లెకు అనువాదం కొత్త విద్య కాదు. 1919లో రవీంద్రులు ఇచటి దివ్యజ్ఞాన కళాశాలలో బస చేసి, జనగణమన గీతాన్ని తామే ఆంగ్లంలోకి మార్చినారు. మన మాట లోకానికి పోయిన ఊరు ఇది. లోకపు మాట మన పిల్లలకు తెచ్చి ఇవ్వడానికి మనకు సంకోచమెందుకు? ఒకప్పుడు చందమామలో దాసరి సుబ్రహ్మణ్యంగారి తోకచుక్క, మకరదేవత, రాకాసిలోయ వంటి ధారావాహికలు మాసమాసమూ పిల్లలను తెలుగు అక్షరాలకు కట్టిపడవేసినవి. పుంగనూరులో నేను చదువు నేర్చినది సగం బడిలో, సగం ఆ పుటలలో. నేడు చందమామ రావడం లేదు. ఆ ఆకలి మాత్రం పిల్లలలో అట్లే ఉన్నది. ఆ ఆకలితోనే ఒక పిల్ల నిఘంటువు పక్కన పెట్టుకొని అర్థం కాని మాటలతో కుస్తీ పట్టినది. నేను దానిని తెలుగుపట్ల ద్రోహమనుకొన్నాను. నిజానికి ఆమె చదువుతున్నది మన ఫకీరు చిలుక కథనే. ఆ సంగతి తెలుగు చెప్పే నాకు తెలియదు. ఆమె తనంత తానే కనిపెట్టి, ఆ కథను తిరిగి తెలుగులోకి తెచ్చి, నలభైమంది పిల్లలకు పంచుతున్నది.

మొన్న ఆమె ఆహ్వానంపై కుప్పం దాపున ఆ పాఠశాలకు వెళ్ళాను. ఎనిమిదవ తరగతి. వారాల తరబడి చెబుతూ వచ్చిన కథ ఆనాటితో ముగుస్తున్నది. హారీ అడవిలోకి నడచిపోతున్నాడు. పిల్లలు చప్పుడు లేకుండా వింటున్నారు. ఇంతలో గంట మోగినది. తరువాతి గంట లెక్కల అయివారిది. ఆయన వాకిటికి వచ్చి నిలుచున్నారు. ఉపాధ్యాయిని నావైపు చూచినది. నేను లేచి వెళ్ళి, "అయ్యా, ఒక పది నిమిషాలు మన్నించండి, కథ చివరికి వచ్చినది" అని చేతులు జోడించాను. ఆయన ఒక్క క్షణం చూచి, లోపలికి వచ్చి, వెనుక బల్ల మీద పిల్లల మధ్య కూర్చున్నారు.

నేను బాకీపడిన నూరు పుటలలో ఆనాడు తీరినవి ఏ పదో కావచ్చును. ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఒక్కటే. పిల్లవాని ఒడిలో ఏ పుస్తకం కనబడినా, దానిని తీసుకొనే ముందు ఇంకా ఎన్ని పుటలు మిగిలి ఉన్నవో అడగండి. కథ కంచికి పోయేది చివరి పుటలోనే. పిల్లవాడు తనకు అబ్బినదానితో ఇంటికి బయలుదేరేదీ అక్కడనే.